బొగ్గు బెల్టులో ఉంటూనే రిమోట్ ఉద్యోగం: ఎలా వెతకాలి, దేనికి డబ్బు కట్టకూడదు

బెల్లంపల్లి, మందమర్రి, ఇల్లందు, కొత్తగూడెం లాంటి ఊళ్లలో ఒకప్పుడు ఉద్యోగం గురించి పెద్దగా ఆలోచించే పని ఉండేది కాదు. నాన్న బాయి (బొగ్గు గని) పని చేస్తే కొడుకు కూడా ఏదో ఒక రోజు మస్టర్ పడేవాడు. 1990ల మొదట్లో సింగరేణిలో లక్షకు పైగా మంది పనిచేసేవారు. భూగర్భ గనులు ఒక్కొక్కటే మూతపడి, పైనుంచే తవ్వే ఓపెన్‌కాస్టులూ పెద్ద యంత్రాలూ వచ్చాక ఆ సంఖ్య నలభై వేల చుట్టుపక్కలకు దిగింది. బొగ్గు మాత్రం అప్పటికంటే ఎక్కువే వస్తోంది. పక్కనే కాగజ్‌నగర్ పేపర్ మిల్లు 2014లో ఆగిపోయి 2018లో కొత్త యాజమాన్యం చేతికి వెళ్లింది. రామగుండంలో 1999లో మూసిన ఎరువుల ఫ్యాక్టరీ స్థానంలో 2021లో కొత్త ప్లాంటు ఉత్పత్తి మొదలుపెట్టింది. తెరుచుకోవడం సంతోషమే, కానీ ఈ కాలపు ఫ్యాక్టరీకి పాతంత మంది అక్కర్లేదు.

అందుకే ఇప్పుడు ప్రతి వీధిలో వినిపించే మాట "వర్క్ ఫ్రమ్ హోమ్". ఆ మాట పట్టుకుని ఉద్యోగం వెతికితే పది ప్రకటనల్లో తొమ్మిది మోసాలే తగులుతాయి. వెతకాల్సింది పని. అకౌంట్స్, మెడికల్ కోడింగ్, మ్యాపింగ్, కస్టమర్ సపోర్ట్ లాంటిది ఒకటి చేతికొస్తే, దాన్ని ఇంటి నుంచి చేయొచ్చా లేదా అన్నది రెండో ప్రశ్న. డిపెండెంట్ ఉద్యోగం (సింగరేణిలో నాన్న స్థానంలో వారసుడికి ఇచ్చేది) వచ్చే అవకాశం నిజంగా ఉంటే దాన్ని వదులుకోమని నేను చెప్పను. ఫైలు కదిలేదాకా నాలుగేళ్లు ఖాళీగా కూర్చోవద్దనే చెబుతాను.

1. మీకు దొరికేది ఏ రకం రిమోటో ముందు తేల్చుకోండి

అనుభవం లేని ఫ్రెషర్‌కు మొదటి రోజు నుంచే ఇంట్లో కూర్చోబెట్టి జీతం ఇచ్చే కంపెనీలు చాలా తక్కువ. కొత్తవాడికి పక్కన కూర్చుని నేర్పాలి, తప్పు చేస్తే వెంటనే చూడాలి. ఆ పని ఆఫీసులో తేలిక. కాబట్టి ఎక్కువ మందికి పనికొచ్చే దారి ఇది: ఏడాది పాటు హైదరాబాద్‌లో ఆఫీసుకు వెళ్లి పని నేర్చుకోవడం, తర్వాత హైబ్రిడ్ (కొన్ని రోజులు ఆఫీసు, కొన్ని రోజులు ఇల్లు) అడగడం, ఆ తర్వాత ఊరికి మారడం. బెల్లంపల్లి, మంచిర్యాల కాజీపేట–బల్లార్షా లైను మీదే ఉన్నాయి కాబట్టి నెలకు రెండు మూడు సార్లు ఆఫీసుకు రమ్మన్నా రైల్లో వెళ్లి రావచ్చు. కొత్తగూడెం వాళ్లకు భద్రాచలం రోడ్ స్టేషన్ ఉంది.

హైదరాబాద్ వద్దనుకునే వాళ్లు మధ్యలో ఉన్న ఊళ్లనూ చూడాలి. 2020లోనే వరంగల్ దగ్గర మడికొండలో టెక్ మహీంద్రా, సైయెంట్ ఆఫీసులు తెరిచాయి. అదే ఏడాది కరీంనగర్, ఖమ్మంలలో ఐటీ టవర్లు వచ్చాయి. ఇవి రిమోట్ కావు, కానీ వారాంతం ఇంటికొచ్చే దూరం. ఇల్లందు అమ్మాయికి ఖమ్మంలో ఉద్యోగం దొరికితే, అది గచ్చిబౌలి హాస్టల్ జీవితం కంటే నయమనే నా అభిప్రాయం. జీతం కాస్త తక్కువైనా చేతిలో మిగిలేది ఎక్కువ.

2. మీ చదువుకు దగ్గరి పని ఎంచుకోండి

బీకామ్ చదివినవాళ్లు అకౌంట్స్ వైపు వెళ్లండి. ట్యాలీ కోర్సు సర్టిఫికెట్ ఒక్కటే సరిపోదు. మీ ఊళ్లోనే ట్యాక్స్ కన్సల్టెంట్ ఆఫీసులో ఆరు నెలలు కూర్చోండి, చేతికి తక్కువిచ్చినా సరే. ప్రతి నెలా 11వ తేదీకి జీఎస్‌టీఆర్-1 (అమ్మకాల రిటర్న్), 20వ తేదీకి 3బీ (పన్ను కట్టే రిటర్న్) వేయడం, కొనుగోలు బిల్లులను 2బీతో (సప్లయర్లు చూపించిన బిల్లుల జాబితాతో) సరిపోల్చడం, సప్లయర్ వేయని బిల్లు పట్టుకుని ఫోన్ చేయడం... ఇవి నాలుగు నెలలు వరుసగా చేసినవాడికి హైదరాబాద్ ఆఫీసులు ఇంటి నుంచి పని ఇస్తాయి. అక్కడి ఆడిటర్లకు 20వ తేదీ దగ్గరపడుతుంటే మనుషులు దొరకరు.

బయాలజీ, ఫార్మసీ, నర్సింగ్ వాళ్లకు మెడికల్ కోడింగ్. అమెరికా ఆసుపత్రుల రికార్డులు చదివి జబ్బుకూ చికిత్సకూ తగిన కోడ్ వేసే పని ఇది. సీపీసీ అనే పరీక్ష ఉంటుంది: 100 ప్రశ్నలు, 4 గంటలు, 70 శాతం వస్తే పాస్. కోర్సు ఫీజు కట్టే ముందు అనాటమీ పుస్తకంలో ఒక చాప్టర్, ఒక ఆపరేషన్ రిపోర్టు ఇంగ్లీషులో చదివి చూడండి. రెండు పేజీలకే విసుగొస్తే ఈ పని మీకు కాదు, ఫీజు మిగిలినట్టే. ఇంకో సంగతి, రోగుల వివరాలు గోప్యంగా ఉంచాలి కాబట్టి ఇంటి నుంచి చేసేవాళ్లకు తలుపు వేసుకునే గది, పక్కన ఫోన్ లేకపోవడం లాంటి షరతులు ఉంటాయి. రెండు గదుల క్వార్టర్‌లో ఆరుగురు ఉండే ఇంట్లో ఇదే అసలు అడ్డంకి.

మైనింగ్, సివిల్ డిప్లొమా వాళ్లు సాధారణంగా ఈ రిమోట్ మాటే ఎత్తరు. నిజానికి వాళ్లకు ఒక మంచి దారి ఉంది, జీఐఎస్ మ్యాపింగ్. శాటిలైట్ చిత్రాల మీద రోడ్లు, చెరువులు, భవనాలు గీతలుగా మార్చి, వాటికి వివరాలు జోడించే పని. దీనికి క్యూజీఐఎస్ అనే సాఫ్ట్‌వేర్ పూర్తిగా ఉచితం. గనిలో సర్వే ప్లాన్ చదవడం వచ్చినవాడికి ఇందులో సగం దారి తెలిసినట్టే. కాంటూర్ అంటే ఏమిటో, బెంచ్ ఎలా ఉంటుందో, ఓబీ డంపు (బొగ్గు మీది మట్టి, రాయి తీసి పోసిన గుట్ట) ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో బీటెక్ కంప్యూటర్స్ కుర్రాడికి తెలియదు, మీకు తెలుసు. డ్రోన్ సర్వే డేటాను ప్రాసెస్ చేసే పనులూ ఈ కోవలోవే.

డిగ్రీ ఏదైనా కస్టమర్ సపోర్ట్ ఉంటుంది. ఇక్కడ ఈ ప్రాంతానికి ఒక బలం ఉంది, మనవాళ్లు దాన్ని రెజ్యూమేలో రాయరు. బొగ్గు బాయిల మీద ఎక్కడెక్కడి వాళ్లో పనిచేశారు. హిందీ, ఉర్దూ మాట్లాడుతూనే పెరుగుతాం. కాగజ్‌నగర్, ఆసిఫాబాద్ వైపు మరాఠీ కూడా వస్తుంది. తెలుగు, హిందీ, మరాఠీ మూడూ మాట్లాడగలిగితే ఆ మాట రెజ్యూమేలో పైన, పేరు కిందే ఉండాలి. బ్యాంకులు, డెలివరీ కంపెనీల కాల్ సెంటర్లకు కావలసింది అదే. ఇంగ్లీషు రాదని కుంగిపోయే వాళ్లు ముందు ఈ కాల్ సెంటర్ పనులకు అప్లై చేయాలి.

తెలుగు ట్రాన్స్‌క్రిప్షన్, సబ్‌టైటిల్స్, అనువాదం, ఏఐ కంపెనీలకు గొంతు రికార్డు చేసి ఇవ్వడం లాంటివి కూడా వస్తుంటాయి. ఒక నెల ఉంటాయి, రెండు నెలలు ఉండవు. వాటిని నమ్ముకుని ఈఎంఐ పెట్టుకోవద్దు.

ఇక సాఫ్ట్‌వేర్. అమీర్‌పేటలో మూడు నెలల ఫుల్‌స్టాక్ కోర్సు చేసి నేరుగా రిమోట్ కొట్టేస్తామనుకునే వాళ్లు చాలామంది. చేతిలో నిజంగా పనిచేసే ప్రాజెక్టు ఉంటే చూడండి, లేకపోతే టెస్టింగ్, సపోర్ట్ వైపు మొదలుపెట్టడం మేలు.

3. ఇంట్లో నెట్‌ను కంపెనీ అడగకముందే మీరే పరీక్షించండి

మొబైల్ హాట్‌స్పాట్ మీద వాయిస్ ఉద్యోగం నడవదు, చాలా కంపెనీలు ఒప్పుకోవు కూడా. ఫైబర్ లైను పెట్టించుకోండి. బీఎస్ఎన్ఎల్ అయినా, ప్రైవేటు అయినా, మీ వీధిలో ఇప్పటికే వాడుతున్న ఇద్దరిని అడిగి తీసుకోండి. స్పీడ్ టెస్టులో డౌన్‌లోడ్ అంకె చూసి మురిసిపోవద్దు. వీడియో కాల్‌కు ముఖ్యం అప్‌లోడ్, అంతకంటే ముఖ్యం లైను మధ్యలో తెగకపోవడం.

దానికి చిన్న పరీక్ష ఉంది. కంప్యూటర్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, ఇంగ్లీషులో పింగ్ అని కొట్టి, స్పేస్ ఇచ్చి 8.8.8.8 కొట్టండి. మళ్లీ స్పేస్, ఒక హైఫన్, దానికి ఆనుకుని టి అక్షరం. ఎంటర్ నొక్కి సాయంత్రం ఏడు నుంచి పది వరకు అలాగే వదిలేయండి. వీధి అంతా నెట్ వాడే సమయం అదే. తర్వాత కంట్రోల్, సి కలిపి నొక్కితే ఎన్ని ప్యాకెట్లు (డేటా ముక్కలు) వెళ్లాయో, ఎన్ని పోయాయో లెక్క చూపిస్తుంది. వందకు ఒకటి రెండు కంటే ఎక్కువ పోతే మీ మాట అవతలి వాళ్లకు తెగి తెగి వినిపిస్తుంది. అదే పరీక్ష కేబుల్‌తో ఒకసారి, వైఫైతో ఒకసారి చేయండి. కేబుల్‌తో బాగుండి వైఫైతో పాడైతే తప్పు ఆపరేటర్‌ది కాదు, మీ గోడలది. రౌటర్ చోటు మార్చండి, లేదా పొడవాటి కేబుల్ లాగండి.

దేశానికి కరెంటు ఇచ్చే బొగ్గు మనది, కోతలూ మనకే. రౌటర్‌కు పెట్టే చిన్న యూపీఎస్‌లు మార్కెట్లో దొరుకుతాయి, దాన్నీ ల్యాప్‌టాప్‌నూ కలిపి చూసుకుంటే రెండు మూడు గంటలు నెట్టుకురావచ్చు. డెస్క్‌టాప్ అయితే ఇన్వర్టర్ మారే క్షణంలో రీస్టార్ట్ అయ్యే ప్రమాదం ఉంది, దానికి వేరే యూపీఎస్ కావాలి. ఆపరేటర్‌ను ఒక ప్రశ్న తప్పకుండా అడగండి: "కరెంటు పోతే మీ జంక్షన్ బాక్సుకు బ్యాకప్ ఉందా?" అక్కడ లేకపోతే మీ ఇంట్లో ఎన్ని బ్యాటరీలున్నా నెట్ రాదు.

ఓపెన్‌కాస్ట్ గనికి దగ్గర్లో ఇల్లున్న వాళ్లు బ్లాస్టింగ్ టైమ్ చూసుకుని ఇంటర్వ్యూ పెట్టుకోండి. కిటికీలు అదురుతుంటే హెచ్ఆర్‌కు అర్థం కాదు, మీకు టెన్షన్.

4. సర్టిఫికెట్ బదులు చేసిన పని చూపించండి

దూరంగా ఉన్న మనిషికి ఉద్యోగం ఇచ్చేవాడి భయం ఒక్కటే, వీడు చెప్పింది చేస్తాడా అని. ఆ భయాన్ని సర్టిఫికెట్ తీర్చదు. మ్యాపింగ్ వైపు వెళ్లేవాళ్లు మీ మండలం శాటిలైట్ చిత్రం తీసుకుని, ఓపెన్‌కాస్ట్ హద్దు, ఓబీ గుట్టలు, రోడ్లు, కాలనీలు వేర్వేరు లేయర్లుగా గీయండి. పదేళ్ల కిందటి చిత్రంతో పోల్చి ఎంత విస్తీర్ణం మారిందో ఒక పేజీలో రాయండి. ఆ ఒక్క పేజీ మీ ఇంటర్వ్యూలో అరగంట మాట్లాడిస్తుంది. అకౌంట్స్ వాళ్లు ఒక ఊహాజనిత కిరాణా షాపు పెట్టి, మూడు నెలల బిల్లులు ట్యాలీలో ఎక్కించి రిటర్న్ లెక్కలు తయారుచేయండి. పనిచేసిన ఆఫీసు నుంచి నిజమైన క్లయింట్ల ఫైళ్లు మాత్రం పట్టుకెళ్లి చూపించవద్దు. అది చూసిన మరుక్షణం, రేపు మా ఫైళ్లూ ఇలాగే చూపిస్తాడు అనుకుంటారు.

5. వెతికే చోట్లు

కేంద్ర ప్రభుత్వ నేషనల్ కెరీర్ సర్వీస్ పోర్టల్, తెలంగాణ ప్రభుత్వ ఉద్యోగాల పోర్టల్ డీట్ ఉచితం. కాలేజీలో ఉండగానే రాష్ట్ర ప్రభుత్వ నైపుణ్య శిక్షణ సంస్థ టాస్క్‌లో నమోదు చేసుకోండి. నౌక్రీ, లింక్డ్‌ఇన్ సంగతి తెలిసిందే. ఇవన్నీ ఒక ఎత్తు, మీ కాలనీ నుంచి హైదరాబాద్ వెళ్లి ఇప్పటికే ఉద్యోగం చేస్తున్న అన్నలు, అక్కలు ఒక ఎత్తు. రిఫరల్‌తో వచ్చిన రెజ్యూమేను కనీసం తెరిచి చూస్తారు. "అన్నా, ఏదైనా జాబ్ ఉంటే చూడు" అని మెసేజ్ పెడితే ఎవరూ ఏమీ చేయలేరు. వాళ్ల కంపెనీ కెరీర్స్ పేజీలో ఖాళీ మీరే చూసి, దాని నంబరు, మీ రెజ్యూమే, మీకు ఏం వచ్చో మూడు లైన్లు కలిపి పంపండి. వాళ్లు ఫార్వర్డ్ చేస్తే చాలు అన్నట్టు ఉండాలి.

6. డబ్బు అడిగారా, ఆగండి

ఈ భాగం నాన్నలకు కూడా చదివి వినిపించండి. బొగ్గు ఊళ్లలో రిటైరైన ఇంట్లో గ్రాట్యుటీ, పీఎఫ్ కలిపి ఒకేసారి పెద్ద మొత్తం వస్తుంది. ఎవరింట్లో ఎప్పుడు వచ్చిందో ఊరంతటికీ తెలుసు. ఉద్యోగాలు అమ్మేవాళ్లకు ఇంకా బాగా తెలుసు.

వాళ్ల పద్ధతులు కొన్నే. మొదటిది "బ్యాక్‌డోర్": రెండు మూడు లక్షలు కట్టించుకుని చిన్న కంపెనీలో చేర్చుతారు. మొదటి రెండు మూడు నెలల జీతం మీరిచ్చిన డబ్బులోంచే మీకు తిరిగి వేస్తారు. తర్వాత ప్రాజెక్టు అయిపోయిందంటారు. రెండోది దొంగ ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్. అసలు కంపెనీ వెరిఫికేషన్‌లో మీ యూఏఎన్ (పీఎఫ్ గుర్తింపు) నంబరు మీద పీఎఫ్ చరిత్ర చూస్తే అది అక్కడే బయటపడుతుంది, వచ్చిన ఉద్యోగమూ పోతుంది. మూడోది డేటా ఎంట్రీ కాంట్రాక్టు. వారంలో వందల పేజీలు టైప్ చేయమంటారు, ఎంత జాగ్రత్తగా చేసినా తప్పులున్నాయంటారు, ఆపై లాయరు పేరుతో నోటీసు పంపి పెనాల్టీ కట్టమని బెదిరిస్తారు. కట్టకండి. ఆ మెసేజ్‌లన్నీ దాచిపెట్టి పోలీసులకు చూపించండి. నాలుగోది టెలిగ్రామ్ టాస్కులు, వీడియోలకు లైక్ కొడితే డబ్బులని. మొదట వంద, రెండొందలు నిజంగానే వేస్తారు. ఆ తర్వాత మీ చేతే పెట్టించడం మొదలవుతుంది.

అన్నిటికంటే ప్రమాదమైనది ఇంకొకటి: "మీ బ్యాంకు అకౌంట్లో డబ్బు పడుతుంది, కమీషన్ ఉంచుకుని మిగతాది పంపండి, అదే ఉద్యోగం." అది ఎవరినో మోసం చేసిన డబ్బు. అకౌంట్ ఫ్రీజ్ అవుతుంది, కేసు మీ పేరు మీద నడుస్తుంది. కాంబోడియా, మయన్మార్ వైపు డేటా ఎంట్రీ ఉద్యోగమంటూ తీసుకెళ్లి సైబర్ మోసాలు చేయించే ముఠాలకు తెలుగు కుర్రాళ్లు కూడా చిక్కారు. అలాంటి ఆఫర్ వస్తే ఎంత దగ్గరి మనిషి తెచ్చినా వద్దనండి.

నిజమైన కంపెనీనా కాదా అని చూడటం పెద్ద పనేం కాదు. కార్పొరేట్ వ్యవహారాల శాఖ వెబ్‌సైట్లో కంపెనీ పేరు కొట్టండి. ఈపీఎఫ్‌ఓ సైట్లో ఆ సంస్థ ఎంతమందికి పీఎఫ్ కడుతోందో చూడొచ్చు. ఆఫర్ లెటర్ జీమెయిల్ నుంచి వచ్చినా, ఇంటర్వ్యూ అంతా చాటింగ్‌లోనే జరిగినా, ల్యాప్‌టాప్ డిపాజిట్ అడిగినా అక్కడితో ఆపేయండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరి దగ్గరా వదలొద్దు, చూపించి వెనక్కి తీసుకోండి. డబ్బు పోతే సిగ్గుపడి దాచుకోకుండా వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చేస్తే ఆ డబ్బు అవతలి అకౌంట్లో ఆగే అవకాశం అంత ఎక్కువ.

7. ఆఫర్ చేతికొచ్చాక అడగాల్సినవి

ఆఫర్ లెటర్‌లో పనిచేసే చోటు ఏమని రాశారో చూడండి. "హైదరాబాద్" అని ఉంటే నోటిమాటగా ఇచ్చిన వర్క్ ఫ్రమ్ హోమ్ ఏ సోమవారమైనా రద్దు కావచ్చు. ఆఫీసుకు రమ్మంటే ఎన్ని రోజుల ముందు చెబుతారు, రైలు ఖర్చు ఎవరిది, ల్యాప్‌టాప్, నెట్ బిల్లు ఎవరివి అన్నది మెయిల్‌లో అడిగి మెయిల్‌లోనే జవాబు తెచ్చుకోండి. ఇలా అడిగితే ఉద్యోగం పోతుందేమోనని భయం అక్కర్లేదు, హెచ్ఆర్‌లకు ఇవి రోజూ వినే ప్రశ్నలే.

నైట్ షిఫ్ట్ ఉంటే ఇంట్లో వాళ్లకు ముందే చెప్పండి. అమెరికా వాళ్లతో మాట్లాడుతూ చేసే పనులు ఎక్కువగా రాత్రి పూటే. ఈ ఊళ్లకు ఇది కొత్త కాదు. నాన్న నైట్ షిఫ్ట్ చేసి వచ్చి పడుకుంటే పిల్లలంతా గుసగుసగా మాట్లాడుకుంటూ పెరిగిన ఇళ్లే ఇవన్నీ. అయితే కంప్యూటర్ ముందు కూర్చునేది పని కాదనుకునే చుట్టాలు మధ్యాహ్నం పన్నెండింటికి తలుపు కొడతారు. ముఖ్యంగా పెళ్లయిన ఆడవాళ్లకు, ఇంట్లోనే ఉంది కదా అని రేషన్ క్యూ నుంచి పిల్లల బడి దాకా అన్నీ తగిలిస్తారు. షిఫ్ట్ టైమ్ కాగితం మీద రాసి తలుపుకు అంటించినా తప్పులేదు.

8. డబ్బు లెక్కలు

ఉద్యోగి అయితే పీఎఫ్ కోత జీతం స్లిప్‌లో కనిపించడం చాలదు. రెండో నెల తర్వాత యూఏఎన్‌తో లాగిన్ అయి పాస్‌బుక్‌లో జమైందో లేదో చూడండి. కోసిన డబ్బు అక్కడ లేకపోతే కంపెనీ ఎలాంటిదో తెలిసినట్టే, వేరే ఉద్యోగం వెతకడం ఆ రోజే మొదలుపెట్టండి.

ఫ్రీలాన్స్ అయితే కంపెనీలు చాలాసార్లు 10 శాతం టీడీఎస్ (ముందుగానే పట్టుకునే ఆదాయపు పన్ను) కోసి ఇస్తాయి. మీ మొత్తం ఆదాయానికి పన్ను లేకపోతే రిటర్న్ వేసి ఆ డబ్బు వెనక్కి తెచ్చుకోవాలి, ఎవరూ తెచ్చి ఇవ్వరు. సేవల మీద ఏడాదికి 20 లక్షలు దాటేదాకా మామూలుగా జీఎస్‌టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. చిన్న వ్యాపారంగా నమోదు చేసుకునే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ప్రభుత్వ పోర్టల్‌లో ఉచితం, దానికి ఎవరైనా వెయ్యి రూపాయలు అడిగితే ఇవ్వొద్దు. విదేశీ క్లయింట్ నుంచి డబ్బు వస్తే బ్యాంకు ఇచ్చే రెమిటెన్స్ కాగితం, మీరు పంపిన ఇన్‌వాయిస్ రెండూ కలిపి ఒక ఫైల్లో పెట్టుకోండి. హోమ్ లోన్‌కో, బండి లోన్‌కో వెళ్లినప్పుడు మేనేజర్ "సింగరేణియా?" అని అడుగుతాడు. కాదంటే తర్వాత అడిగేది రెండు మూడేళ్ల ఐటీ రిటర్నులు, కాబట్టి పన్ను పడకపోయినా మొదటి ఏడాది నుంచే వేయండి.